మందు మనం చేస్తాం, కనిపెట్టేది ఎవరు?

ఓజెంపిక్ అనే పేరు ఈమధ్య మీరు ఏదో ఒక రీల్‌లో వినే ఉంటారు. షుగర్‌కని వచ్చిన ఇంజెక్షన్. బరువు కూడా తగ్గిస్తుందని తెలిసేసరికి ప్రపంచమంతా దాని వెనక పడింది. అందులో ఉన్న మందు సెమాగ్లుటైడ్. కనిపెట్టింది డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్. మన దేశంలో దాని పేటెంట్ 2026 మార్చి వరకే. ఆ తర్వాత జనరిక్ అమ్మడానికి రెడీ అయిన కంపెనీల్లో మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ కూడా ఉంది.

ఇందులో వింతేముంది అంటారా? 1997లో ఇదే నోవో నార్డిస్క్ ఇదే డాక్టర్ రెడ్డీస్ దగ్గరికి వచ్చి, హైదరాబాద్ ల్యాబ్‌లో పుట్టిన ఒక షుగర్ మందుకి లైసెన్స్ తీసుకుంది. అప్పుడు కనిపెట్టింది మనవాళ్ళు, కొనుక్కుంది వాళ్ళు. తర్వాత సీన్ రివర్స్ అయింది. మన దేశంలో రీసెర్చ్ పరిస్థితి ఏంటి, ముందు ముందు ఎలా ఉంటుంది అని ఎవరైనా అడిగితే నేను ఈ కథే చెప్తాను.

కొంచెం వెనక్కి వెళ్దాం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దగ్గర మందుల ధరలు భయంకరంగా ఉండేవి. ప్రపంచంలోనే ఎక్కువ ధరలున్న దేశాల్లో ఇండియా ఒకటని అమెరికా సెనేట్ కమిటీయే అంది. కారణం, బ్రిటిష్ వాళ్ళు 1911లో పెట్టిన పేటెంట్ చట్టం. మందు మీద హక్కు విదేశీ కంపెనీది, ధర వాళ్ళ ఇష్టం. దీన్ని ఏం చేయాలో చూడమంటే జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఒక రిపోర్ట్ ఇచ్చారు. అది చివరికి 1970 పేటెంట్ల చట్టమైంది, 1972లో అమల్లోకి వచ్చింది.

ఆ చట్టం చేసిన పని సింపుల్‌గా చెప్తాను. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి సూర్యాపేట మీదుగా వెళ్ళే దారి నేను వేశాను, అది నాది అని మీరు పేటెంట్ తీసుకోవచ్చు. కానీ హైదరాబాదే నాది అంటే కుదరదు. ఇంకొకరు ఖమ్మం మీదుగా రావచ్చు. అంటే 2005 వరకు మందుకి పేటెంట్ ఉండేది కాదు, దాన్ని తయారుచేసే పద్ధతికే ఉండేది. వేరే పద్ధతి కనిపెడితే అదే మందు మీరూ అమ్ముకునే వీలుండేది.

సరే, చట్టం వచ్చింది. కొత్త దారి వేసేవాళ్ళు కావాలి కదా. ఇక్కడే హైదరాబాద్‌కి కలిసొచ్చింది. బాలానగర్‌లో సోవియట్ సాయంతో వచ్చిన ఐడీపీఎల్ ఫ్యాక్టరీ ఉంది. తార్నాకలో రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ ఉంది, ఇప్పుడు దాన్ని ఐఐసీటీ అంటున్నాం. నిజాం కాలంలో, 1944లో మొదలైన ల్యాబ్ అది. ఒకచోట పెద్ద ఎత్తున మందులు చేయడం నేర్చుకున్నారు, ఇంకోచోట కెమిస్ట్రీ. తర్వాత సొంత కంపెనీలు పెట్టిన చాలామంది ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికి వచ్చినవాళ్ళే. తాడేపల్లిలో పసుపు రైతు ఇంట్లో పుట్టిన అంజిరెడ్డి గారు కూడా అంతే. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఐడీపీఎల్ మాత్రం తర్వాత నష్టాల్లో మునిగిపోయింది. ఒక పరిశ్రమకి బడిలా పనిచేసిన సంస్థని మనం పెద్దగా తలుచుకోం కూడా.

ఐఐసీటీ డైరెక్టర్‌గా చేసిన ఏ.వి. రామారావు గారు, గుంటూరు వాసి, ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీని తక్కువ ఖర్చులో చేసే పద్ధతి తయారుచేశారు. సిప్లా దాన్ని తీసుకుంది. తర్వాత 2001లో సిప్లా, మూడు మందులు కలిపిన ఎయిడ్స్ చికిత్సని ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించింది. అప్పటికి పాశ్చాత్య కంపెనీల ధర ఏడాదికి 10,000 డాలర్ల పైమాటే. ఆఫ్రికాలో ఆ తేడా ఎంతమంది ప్రాణాలో ఆలోచించండి. అందుకే "మనవాళ్ళు కాపీ కొడతారు" అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ కొత్త దారి వేయడం కూడా రీసెర్చే.

కానీ అంజిరెడ్డి గారికి అది చాల్లేదు. 1993లో సొంత మందులు కనిపెట్టడానికి విడిగా రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టారు. అక్కడ పుట్టిందే బాలాగ్లిటాజోన్. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా అది సరిగ్గా పనిచేయని షుగర్ పేషెంట్లకి, పనిచేసేలా చేయడానికి ఉద్దేశించిన మందు. 1997లో నోవో నార్డిస్క్ తీసుకున్నది దీన్నే. ఆ వెంటనే అదే కుటుంబంలోని రాగాగ్లిటజార్‌ని కూడా తీసుకుంది. భారతీయ కంపెనీ మందుని విదేశీ కంపెనీ లైసెన్స్ కట్టి తీసుకోవడం అప్పట్లో పెద్ద వార్త.

2002లో దెబ్బ పడింది. రాగాగ్లిటజార్ ఇచ్చిన ఎలుకల్లో మూత్రాశయంలో కణితులు కనిపించాయి. ట్రయల్స్ ఆపేశారు. బాలాగ్లిటాజోన్ మూడో దశ ట్రయల్స్ దాకా వెళ్ళింది కానీ మార్కెట్‌కి రాలేదు. 2013లో అంజిరెడ్డి గారు పోయేనాటికి ఆ కల కలగానే ఉండిపోయింది. ఆయన ఆత్మకథ పేరే "యాన్ అన్‌ఫినిష్డ్ ఎజెండా".

నాకు ముఖ్యం అనిపించేది దీని తర్వాతి భాగం. అదే దెబ్బ నోవోకి కూడా తగిలింది కదా, మరి వాళ్ళు ఆగారా? పక్క గదిలో వాళ్ళ ఇంకో టీమ్ 1990ల నుంచే వేరే దారిలో పనిచేస్తోంది. అందులోంచి 2009లో లిరాగ్లుటైడ్ వచ్చింది. రోజూ పొడుచుకోవాలి. దాన్ని వారానికి ఒకసారికి తెచ్చారు, అదే 2017లో అమెరికాలో అనుమతి పొందిన ఓజెంపిక్. ట్రయల్స్‌లోకి వెళ్ళే మందుల్లో పదింటికి తొమ్మిది పోతాయి. కాబట్టి ఓడిపోవడంలో పరువు నష్టం ఏమీ లేదు. ఓడాక పదేళ్ళు జీతాలిస్తూ కూర్చోగలగాలి, అంతే. నోవోని నడిపించేది ఒక ఫౌండేషన్, దానికి ఆ ఓపిక ఉంది. మన కంపెనీకి మూడు నెలలకోసారి షేర్ మార్కెట్‌కి జవాబు చెప్పాలి.

మరి ప్రభుత్వం? దేశం మొత్తం మీద రీసెర్చ్‌కి మనం పెట్టేది జీడీపీలో 0.64 శాతం. చైనా రెండున్నర శాతానికి దగ్గర్లో ఉంది, దక్షిణ కొరియా ఐదుకి దగ్గర్లో. చైనా మనకి మందుల ముడిసరుకు అమ్మే దేశమని మనం అనుకుంటూ ఉండగానే, వాళ్ళు కనిపెట్టిన కొత్త మందుల్ని పాశ్చాత్య కంపెనీలు లైసెన్స్ తీసుకోవడం మొదలైపోయింది. 1997లో మనం నిలబడిన చోట ఇప్పుడు వాళ్ళున్నారు. మనమేమో పెన్సిలిన్ ముడిసరుకు మళ్ళీ ఇక్కడ చేసుకోవడానికి కాకినాడ దగ్గర అరబిందో ప్లాంట్ 2024లో మొదలయ్యే దాకా ఆగాం.

అలాగని అంతా చీకటేం కాదు. 2013లో జైడస్ సొంత మందు సరోగ్లిటజార్ మార్కెట్‌కి వచ్చింది. కరోనాలో భారత్ బయోటెక్, పుణె వైరాలజీ ఇన్‌స్టిట్యూట్ కలిసి కోవాక్సిన్ చేశాయి. నాకు అన్నిటికంటే ఆశ కలిగించింది నెక్స్‌కార్19. ఐఐటీ బాంబే ల్యాబ్‌లో పుట్టి, టాటా మెమోరియల్ ఆస్పత్రిలో పరీక్షించిన బ్లడ్ క్యాన్సర్ చికిత్స. 2023లో అనుమతి వచ్చింది. అమెరికాలో ఇలాంటిది 3 కోట్లు దాటుతుంది, ఇక్కడ 40 లక్షల చిల్లర. సామాన్యుడికి అదీ ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ గమనించారా, ఇదీ పాత ఫార్ములానే: ప్రభుత్వ ల్యాబ్, ప్రభుత్వ ఆస్పత్రి, పక్కన ఒక కంపెనీ.

డబ్బు కూడా ప్రకటించారు. 2023 చట్టంతో వచ్చిన ఏఎన్ఆర్ఎఫ్‌కి ఐదేళ్ళలో 50,000 కోట్లు అన్నారు. అందులో ప్రభుత్వం వాటా 14,000 కోట్లే, మిగతాది ఎక్కువగా ప్రైవేటు నుంచి రావాలి. 2025 జులైలో ఇంకో లక్ష కోట్ల నిధికి కేబినెట్ ఓకే చెప్పింది. ప్రైవేటు రీసెర్చ్‌కి తక్కువ వడ్డీకి దీర్ఘకాలిక అప్పులు ఇస్తారట. అప్పు మంచిదే, కానీ ఎలుకల్లో కణితులు వచ్చిన రోజున ఆ అప్పు ఎవరు తీరుస్తారన్నది నా డౌట్.

ఇంకో లెక్క కూడా ఉంది. పీహెచ్‌డీలో చేరినవాళ్ళకి వచ్చే జేఆర్‌ఎఫ్ 2023 నుంచి నెలకి 37,000. అది టైమ్‌కి పడట్లేదని రీసెర్చ్ స్కాలర్లు ఎన్నోసార్లు ధర్నాకి దిగారు. మీలో బీఫార్మసీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేస్తున్నవాళ్ళు చాలామంది ఉంటారు. ప్రొడక్షన్‌లో ఉద్యోగం చూసుకోవాలా, ల్యాబ్‌లో ఆరేళ్ళు కూర్చోవాలా అని మీరు తేల్చుకునేది లక్ష కోట్లు చూసి కాదు, ఆ 37,000 ఒకటో తారీఖున పడుతుందా లేదా అన్నది చూసే.

వచ్చే ఎపిసోడ్‌లో 2013 నాటి గ్లివెక్ కేసు గురించి మాట్లాడుకుందాం. సుప్రీంకోర్టులో నోవార్టిస్ ఎందుకు ఓడిపోయిందో అప్పుడు చెప్తాను. ఉంటానండీ.