మారియెన్‌తాల్ పరిశోధన: నిరుద్యోగము, సాంఘిక విధానము

ప్రభుత్వములు పేదసాదలకొరకు శాసనములు చేయుట క్రొత్త విషయము కాదు. కాని ఒక శాసనము పేదవాని యింట అడుగిడిన పిదప ఏమి చేయుచున్నదో గడపగడపకు పోయి విచారించు పద్ధతి చాల అర్వాచీనము. ఐరోపాలో ఈ పద్ధతికి బలమైన పునాది వేసినవారిలో, పేరుప్రతిష్ఠలు ఇంకను రాని కొందరు యువ పరిశోధకులు కలరు. ఆస్ట్రియా దేశమున మారియెన్‌తాల్ అను మిల్లు గ్రామమున 1931-32లో వారు జరిపిన పరిశోధన సాంఘిక విధానములను గూర్చి యోచించువారికి నేటికిని దారి చూపుచున్నది.

మారియెన్‌తాల్ వియన్నా నగరమునకు ఆగ్నేయ దిక్కున, గ్రామట్‌నాయ్‌సీడ్ల్ అను ఊరిలో ఒక భాగము. 1830లో హెర్మాన్ టోడెస్కో అను వ్యాపారి అచ్చట అవిసెనార వడకు మిల్లును స్థాపించెను. కాలక్రమమున అది నూలు వడకుట, నేయుట, అద్దకము అన్నియు జరుగు పెద్ద కర్మాగారమయ్యెను. కార్మికుల యిండ్లు, చదువులు, వేడుకలు సమస్తమును ఆ మిల్లుచుట్టునే అల్లుకొని పెరిగెను. ఆర్థిక సంక్షోభము ముంచుకొనివచ్చి 1929 వేసవిలో వడకుశాఖ, 1930 ఫిబ్రవరిలో నేతశాఖ మూతపడెను. 478 కుటుంబములున్న ఆ ఊరిలో సుమారు నాలుగింట మూడువంతుల కుటుంబములకు నిరుద్యోగ భృతియే ఆధారమయ్యెను.

ఈ పరిశోధనకు నాయకుడు పాల్ లాజర్స్‌ఫెల్డ్. 1931లో అతని వయస్సు ముప్పది. గ్రంథమున అధికభాగమును వ్రాసిన మారీ యహోడాకు ఇరువదినాలుగేండ్లు. మూడవవాడగు హాన్స్ జైజెల్ న్యాయశాస్త్రము చదివినవాడు. లోటే డాన్‌ట్సింగెర్ అను యువతి ఆరువారములు ఆ ఊరిలోనే నివసించి వివరములు సేకరించెను. వ్యాపార సంస్థలకొరకు వినియోగదారుల అభిరుచులను విచారించి, ఆ రాబడితో నడచు చిన్న సంస్థ వారిది. మొదట వారు విశ్రాంతి కాలమును గూర్చి పరిశోధింపదలచిరి. దేశము పనిలేక అలమటించుచుండగా తీరికను గూర్చిన విచారణ యేలయని సోషల్ డెమోక్రాట్ నాయకుడు ఓట్టో బావర్ వారి దృష్టిని నిరుద్యోగమువైపు మరల్చెను.

వారు తమకు తాము ఒక నియమము విధించుకొనిరి. ఎవ్వరును కేవలము చూచి వ్రాసికొనువారుగా ఆ ఊరికి పోరాదు; ప్రతివారును ఊరికి పనికివచ్చునదేదైన చేయవలెను. కావున బట్టలు సేకరించి పంచిరి, వైద్యులను రప్పించిరి, దుస్తులు కత్తిరించుట నేర్పిరి. ఆ పనులద్వారా కలిగిన పరిచయమే వారికి తలుపులు తెరచినది.

ఫలితములు ఆశ్చర్యకరములు. పనిలేని కార్మికుడు తిరుగుబాటు చేయునని ఆ కాలమున అనేకులు తలంచిరి. మారియెన్‌తాల్‌లో కనబడినది నిస్పృహ. గ్రంథాలయములో పుస్తకములు తీసికొనుటకు రుసుము తొలగించినను, 1929 నుండి 1931 లోపల తీసికొన్న పుస్తకముల సంఖ్య దాదాపు సగమునకు తగ్గెను. చేతినిండ తీరిక గలవారు చదువుటయే మానిరి. వీధిలో నడచువారి వేగమును గడియారముతో కొలువగా, ఇంటిపని గల స్త్రీలు వడిగాను, పనిలేని పురుషులు మెల్లగా, మాటిమాటికి నిలుచుచును నడచుచుండిరి. భృతి పదునాలుగు దినముల కొకమారు వచ్చుచుండెను. భృతి అందు ముందటి దినమున 38 మంది బడిపిల్లలలో 19 మంది వట్టిరొట్టె తెచ్చుకొనుటయో, ఏమియు తేకుండుటయో సంభవించెను. అందిన మరునాడు అట్టివారు ఇరువురే.

మరియొక విషయము మరింత గమనింపదగినది. అందరును నిరుద్యోగులే అయినను అందరి దుస్థితి ఒక్కటి కాదు. ధైర్యము చెడని కుటుంబములలో పెద్దవాని లెక్కన తలకు నెలకు సగటున 34 షిల్లింగుల రాబడి యుండెను; సర్దుకొని బ్రదుకువారికి 30, నిరాశులైనవారికి 25, సర్వము విడిచి కూర్చున్నవారికి 19. నెలకు కొలది షిల్లింగుల తేడాయే మనిషి మనస్సును నిలుపుటయో, కూల్చుటయో చేయుచుండెను. భృతి కొంతకాలమునకు తగ్గిపోయి, పిమ్మట పూర్తిగా ఆగిపోవుచుండెను. అంతవరకును ఎవడైన కట్టెలు కొట్టియో, వాద్యము వాయించియో నాలుగు డబ్బులు గడించినచో వాని భృతియే రద్దగు ప్రమాదముండెను. ఆకలి తీర్చుటకు పుట్టిన శాసనము చేతులు కదల్చుటనే నేరముగా నెంచినది. ఈ విషయము కార్యాలయపు లెక్కలలో కానరాదు; ఇంటింటి విచారణలోనే కానవచ్చును.

1933లో లైప్‌జిగ్ నగరమున గ్రంథము వెలువడెను. రచయితలు యూదులగుటచే ముఖపత్రమున వారి పేర్లు వేయలేదు. లాజర్స్‌ఫెల్డ్ ఆ యేడే అమెరికా చేరెను. యహోడాను 1936లో ఆస్ట్రియా నియంతృత్వ ప్రభుత్వము చెరసాలలో పెట్టి, దేశము విడిచిపోవలెనను షరతుపై 1937లో విడుదల చేసెను. ఆమె ఇంగ్లండు చేరెను. జైజెల్ 1938లో దేశము విడిచెను. గ్రంథము జర్మను భాషలో 1960లో పునర్ముద్రితమై, 1971లో ఆంగ్లమున వెలువడెను.

యుద్ధానంతరము ఐరోపా రాజ్యములు తమ విధానములను కొంతవరకు ఉమ్మడిగా నడుపసాగెను. 1957 నాటి రోము సంధి ఐరోపా సాంఘిక నిధిని ఏర్పరచెను. 2017లో గోథెన్‌బర్గులో ప్రకటించిన సాంఘిక హక్కుల పత్రము, నిరుద్యోగికి తగిన భృతితోబాటు పని వెదకుటలో సాయమునుగూడ హక్కుగా పేర్కొన్నది. ఆ భృతి తిరిగి పనిలో చేరుటకు అడ్డు కారాదనియు పలికినది. 2020 అక్టోబరులో అదే గ్రామట్‌నాయ్‌సీడ్ల్‌లో దీర్ఘకాల నిరుద్యోగులకందరికిని పని హామీ యిచ్చు ప్రయోగము ప్రారంభమయ్యెను. ఆక్స్‌ఫర్డు, వియన్నా విశ్వవిద్యాలయముల పరిశోధకులు దానిని పరీక్షించిరి. ఊరిలో దీర్ఘకాల నిరుద్యోగము దాదాపు తొలగినదనియు, చేరినవారి మనఃస్థితి మెరుగుపడినదనియు వారు తేల్చిరి.

తెలుగువారికి ఈ చరిత్ర దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. తరతరములుగా తెలుగు నేతవారు స్థిరపడిన షోలాపూరులో 1949లో ఒక పెద్ద మిల్లు మూతపడగా, 1950 జనవరిలో భారత ప్రభుత్వము ఆర్డినెన్సుద్వారా దాని నిర్వహణమును చేపట్టినది. ఒక వర్గమునకు తీవ్రమైన నిరుద్యోగము కలిగినదని ఆ ఆర్డినెన్సే పేర్కొన్నది. మిల్లు యెపుడు మూతపడెను, యెవరు చేపట్టిరి అను వివరములు ప్రభుత్వ పత్రములలో దొరకును. ఆ దినములలో ఏ యింట పొయ్యి వెలిగినదో, ఏ పిల్లవాడు వట్టిచేతులతో బడికి పోయెనో చెప్పగలిగినది ఇంటింటి విచారణ మాత్రమే. మన సంఘముల యువకులు ఇట్టి పని చేపట్టినచో, వలస వచ్చిన తెలుగు శ్రామికుల చరిత్ర వారి వారసుల చేతులలోనే భద్రపడగలదు.