మా ఇంటికొచ్చిన నాలుగు మాయాబజార్లు

1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్ ఒక్కటే. మా ఇంట్లోకి మాత్రం అది నాలుగు రూపాల్లో వచ్చింది. మొదట అద్దె క్యాసెట్, తర్వాత వీసీడీ, ఆ తర్వాత డీవీడీ, చివరికి టీవీలో రంగుల బొమ్మ. మొన్న అల్మారా సర్దుతుంటే మా అమ్మాయి, "రంగుల్ది ఉంది కదమ్మా, ఈ పాత డిస్కులు పారేద్దామా?" అంది. మా అత్తయ్యగారు గబుక్కున లేచి, "అందులో పద్యాలన్నీ ఏవే?" అన్నారు. ఆ ప్రశ్నతో నేను నాలుగింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించడం మొదలుపెట్టాను.

మనలో చాలామందికి పెళ్లయి పిల్లలు పుట్టాక హాలుకెళ్లి సినిమా చూడటం తగ్గిపోతుంది. వంటయ్యాక, పిల్లలు పడుకున్నాక ఇంట్లో చూసిందే సినిమా. కాబట్టి ఇంటికొచ్చిన కాపీ ఎలా ఉంటే మనకు తెలిసిన సినిమా కూడా అలాగే ఉంటుంది.

వీసీఆర్ అద్దెకు తెచ్చి, వీధిలో వాళ్లందర్నీ పిలిచి, రాత్రంతా వరసగా సినిమాలు చూసిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. వీహెచ్ఎస్ టేపు అడ్డంగా సుమారు 240 గీతల వివరాన్నే నిలుపుకోగలదు. పైగా అద్దె క్యాసెట్లలో కాపీకి కాపీ తీసినవే ఎక్కువ. కాపీ తీసిన ప్రతిసారీ బొమ్మ కొంచెం అలుక్కుపోతుంది. ఈ సినిమాకి కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లీ పడవ పాటలో చూపించిన వెన్నెల ఇప్పటికీ చెప్పుకునే సంగతి. నలుపుకీ తెలుపుకీ మధ్య ఉండే సన్నని ఛాయలతో వచ్చిన వెన్నెల అది. క్యాసెట్లో ఆ ఛాయలన్నీ కలిసిపోయి బూడిద రంగు మిగిలింది.

తర్వాత వీసీడీ వచ్చింది. ఒక డిస్కులో 74 నిమిషాలు పడుతుంది. మూడు గంటలు దాటిన ఈ సినిమాకి మూడు డిస్కులు కావాలి. టేపులా అరిగిపోదని సంతోషించాం కానీ బొమ్మలో ఉండేది 352 అడ్డం, 288 నిలువు చుక్కలే. నీళ్లు కదిలినా, పొగ లేచినా బొమ్మ చిన్న చిన్న గళ్లుగా విడిపోయేది. మాయా శశిరేఖగా సావిత్రి నటన అంతా కనుబొమల్లో, పెదవి విరుపులో ఉంటుంది. ఆడపిల్ల ఒంట్లో ఘటోత్కచుడున్నాడని ఆమె ముఖమే చెబుతుంది. వీసీడీలో దూరం షాటు వస్తే ఆ ముఖం తెల్లటి మచ్చ.

డీవీడీలో 720 అడ్డం, 576 నిలువు, అంటే వీసీడీకి నాలుగు రెట్ల చుక్కలు. నగల పనితనం, చీర జరీ మొదటిసారి కనిపించాయి. ప్రింటు మీది గీతలు కూడా అంతే స్పష్టంగా కనిపించాయి! డిస్కు ఎంత మంచిదైనా, దాన్ని ఏ ప్రింటు నుంచి తీశారన్నదే అసలు సంగతి. హాళ్లలో తిరిగి తిరిగి అరిగిన ప్రింటైతే డీవీడీ ఆ అరుగుదలనే చక్కగా చూపిస్తుంది.

ఇంకో చిన్న విషయం. ఫిల్ము సెకనుకు 24 బొమ్మలతో నడుస్తుంది. మన దేశపు టీవీ పద్ధతి పాల్‌లో 25. ఫిల్మును అలాగే ఎక్కించేస్తే సినిమా కాస్త వేగంగా పరుగెత్తుతుంది. 184 నిమిషాల మాయాబజార్ దాదాపు 177 నిమిషాల్లో అయిపోతుంది, గొంతులు కూడా కొంచెం సన్నబడతాయి. అందుకే అట్ట మీద నిడివి ఏడు నిమిషాలు తగ్గినంత మాత్రాన ఏదో కోసేశారని అనుకోనక్కర్లేదు.

ఇక రంగుల మాయాబజార్. హైదరాబాద్‌కి చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ దీన్ని తయారుచేసి 2010 జనవరి 30న విడుదల చేసింది. గీతలు తుడిచేశారు, శబ్దాన్ని డీటీఎస్‌లోకి మార్చారు. నలుపు తెలుపు అనగానే ఛానెల్ మార్చేసే మా పిల్లలు కూర్చుని చూశారంటే అది ఆ రంగుల పుణ్యమే. ఆ మేలు కాదనను. అయితే కొన్ని పాటలు, పద్యాలు తీసేశారు. చతురస్రానికి దగ్గరగా ఉండే పాత బొమ్మను సినిమాస్కోప్ వెడల్పుకు మార్చారు. అలాంటి బొమ్మతో వెడల్పంతా నింపాలంటే ఎత్తులో నూటికి 40 పాళ్లకు పైగా వదులుకోవాలి. పైన కిరీటమైనా పోవాలి, కింద వడ్డించిన పళ్లెమైనా పోవాలి.

శుభ్రంగా ఉండటం వేరు, పూర్తిగా ఉండటం వేరు. మచ్చలు పోయిన బొమ్మలో మనుషులు కూడా సగం పోతే అది బాగుచేసినట్టు ఎలా అవుతుంది?

ఈ పట్టింపు మరీ ఎక్కువ అనుకుంటారేమో. తెలుగువాళ్లు తీసిన తొలి మూకీ, 1921 నాటి భీష్మ ప్రతిజ్ఞ, ఈ రోజు చూద్దామన్నా లేదు. ఫిల్ము కూడా పచ్చడిలాంటిదే, గాలీ తేమా తగిలితే పాడవుతుంది. పాడయ్యే ఫిల్ము డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన కొడుతుంది.

మాయాబజార్లో ప్రియదర్శిని పెట్టె ఉంది కదా, తెరిస్తే ఎవరికి ప్రియమైనది వాళ్లకి కనిపిస్తుంది. మన ఇంటి పెట్టెలో మాత్రం ఎవరో కొలిచి, కోసి ఇచ్చినదే కనిపిస్తుంది. అందుకే పాత సినిమా కొనేటప్పుడు, పెట్టేటప్పుడు మూడు సంగతులు చూడండి. తలలూ పాదాలూ తెగకుండా ఉన్నాయా? పాటలూ పద్యాలూ అన్నీ ఉన్నాయా? తెల్లచీర మడతలు, నల్లజుట్టు పాయలు విడివిడిగా కనిపిస్తున్నాయా? ఈ మూడూ ఉన్న కాపీ మీ ఇంట్లో ఉంటే, దాని మీద నాలుగు గీతలున్నా సరే, పారేయకండి.