వంటనూనెలు, కాలేయంలో కొలెస్ట్రాల్

నాగర్‌కర్నూల్ జిల్లా కల్వకుర్తి ప్రాంతంలో పల్లీలు పాత పంట. పల్లి నూనెలో సుమారు 80 శాతం అసంతృప్త కొవ్వు ఆమ్లాలే. ఓలిక్, లినోలిక్ ముఖ్యమైనవి. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు, అందులో పామిటిక్ ఆమ్లమే అధికం.

ఈ తేడా బయటపడేది కాలేయంలో. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్‌ (‘చెడు’ కొలెస్ట్రాల్)ను కాలేయ కణాలు తమ పైపొర మీది గ్రాహకాలతో పట్టి లోనికి తీసుకుంటాయి. కొలెస్ట్రాల్ నియంత్రణపై పరిశోధనకు మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లు 1985లో నోబెల్ అందుకున్నారు. కణంలో విడి కొలెస్ట్రాల్ పెరిగితే గ్రాహకాల తయారీ తగ్గుతుంది. ఓలిక్ ఆమ్లం ఉంటే ఆ కొలెస్ట్రాల్ ఎస్టర్‌గా మారి నిల్వకు పోతుంది, గ్రాహకాలు మళ్లీ పుంజుకుంటాయి. పామిటిక్, మిరిస్టిక్ ఆమ్లాలు ఈ గ్రాహకాల పనిని తగ్గిస్తాయి. ఎల్‌డీఎల్ రక్తంలోనే మిగిలిపోతుంది. సంతృప్తమే అయినా స్టియరిక్ ఆమ్లం అలా చేయదు. కాలేయం అందులో కొంత భాగాన్ని ఓలిక్‌గా మార్చుకుంటుంది.

అన్నిటికన్నా చెడ్డవి వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వులు: ఎల్‌డీఎల్‌ను పెంచుతాయి, ‘మంచి’ కొలెస్ట్రాల్ అయిన హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తాయి. భారత్‌లో 2022 జనవరి నుంచి నూనెలు, వనస్పతిలో వీటి పరిమితి 2 శాతం.

పల్లి నూనెను పాతదని పక్కన పెట్టడానికి కారణమేమీ లేదు. అయితే ఒకే నూనెకు కట్టుబడకుండా రకరకాల నూనెలు వాడమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచిస్తుంది.