ముడ్డిపూస నొప్పి: నూట ఎనభై ఏళ్ళ జమాఖర్చు

ముడ్డిపూస నొప్పి గురించి మనవాళ్ళు బయటికి చెప్పుకోరు. పేరెత్తడానికే సిగ్గు. మా మంగ్లాలోనైనా, మన ఆంధ్రాలోనైనా ఆ సిగ్గే నాటువైద్యులకీ తాయెత్తుల వాళ్ళకీ పెట్టుబడి. పుత్తూరు కట్టు పేరు విననివాళ్ళు తక్కువ. కానీ చేతికో కాలికో కట్టు కడతారు, ముడ్డిపూసకి ఎక్కడ కడతారు?

సరే, మూఢనమ్మకాల సంగతి మనకి తెలిసిందే. మరి డాక్టర్ల చరిత్ర ఏం చెబుతోంది?

అమెరికాలోని మొబైల్ పట్టణంలో జోసయా నాట్ అనే వైద్యుడు ఈ ఎముకని కోసి తీసేసిన సంగతి 1844లో ప్రచురించాడు. ఈథర్ మత్తుని బోస్టన్‌లో బహిరంగంగా చూపించింది 1846లో. అంటే ఆ రోగి పడ్డ బాధ ఊహించుకోండి. ఇదే నాట్ తర్వాత జాతులన్నీ వేరువేరుగా పుట్టాయని, బానిసత్వం న్యాయమేనని రాశాడు. అందుకే చెప్పిన మనిషిని కాదు, చూపిన రుజువుని చూడాలి.

క్లోరోఫాం వాడకాన్ని ప్రచారంలోకి తెచ్చిన ఎడిన్‌బరో వైద్యుడు సింప్సన్ 1859లో ఈ జబ్బుకి కాక్సిగోడీనియా అని పేరు పెట్టాడు. తర్వాత ఆపరేషన్లు జోరుగా సాగాయి. చాలామందికి తగ్గలేదు. అప్పుడు వైద్యులు ఏమన్నారు? రోగుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు కాబట్టి "ఇది హిస్టీరియా" అన్నారు! రుజువు లేకుండా దయ్యం అనడానికీ, రుజువు లేకుండా "అంతా నీ మనసులోనే ఉంది" అనడానికీ తేడా ఏముంది?

1937లో థీలే అనే అమెరికన్ వైద్యుడు, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుపోవడమే కారణమని మసాజ్ మొదలుపెట్టాడు. 1990లలో పారిస్‌లో మేన్ అనే వైద్యుడు నిలబెట్టి ఒక ఎక్స్‌రే, కూర్చోబెట్టి ఒక ఎక్స్‌రే తీసి పోల్చాడు. చాలామందిలో కూర్చున్నప్పుడు ఎముక ఉండాల్సిన దానికంటే ఎక్కువగా కదులుతోంది, కొందరిలో వెనక్కి తప్పుకుంటోంది. మనసులో ఉందన్నది ఫిల్ము మీద కనబడింది.

ఇక లెక్కలు. 1991లో ఇంగ్లండ్‌లో 120 మందిని పరిశీలించారు. ఇంజెక్షన్‌తో 60 శాతం మందికి, మత్తిచ్చి ఎముకని చేత్తో కదిలించి ఇంజెక్షన్ కూడా ఇస్తే 85 శాతం మందికి తగ్గింది. చివరికి ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళలో 90 శాతం పైగా బాగుపడ్డారు. బాగుంది. కానీ ఆపరేషన్ చేసినవాళ్ళని చేయనివాళ్ళతో పోల్చిన లెక్క కాదది. రసీదు లేని ఖర్చుని ఆడిట్‌లో నేను ఎన్నడూ ఒప్పుకోలేదు, ఇక్కడ మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి?

అలా పోల్చిన లెక్క ఒకటుంది. 2006లో మేన్ బృందం 102 మందిని చీట్లేసినట్టు రెండు వర్గాలు చేసింది. సగం మందికి లోపలినుంచి వేలితో ఎముకని సర్దారు, మిగతావాళ్ళకి పైపైన నామమాత్రపు ఫిజియోథెరపీ. నెలకి బాగుపడినవాళ్ళు 36 శాతం, 20 శాతం. ఆరు నెలలకి 22, 12. తేడా ఉంది గానీ, కాకతాళీయం కాదని గట్టిగా చెప్పేంత లేదు. ఆ 20 శాతం మంది నాటువైద్యుడి దగ్గరికి వెళ్ళి ఉంటే పేరు ఎవరికి వచ్చేది?

చాలామందికి మధ్యలో ఖాళీ ఉన్న దిండు, నొప్పి మాత్రలు, కొన్ని నెలల ఓపిక చాలు. తగ్గకపోతే ఇంజెక్షన్. పుండు చీము పట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఆపరేషన్ ఆఖరి మాట. సిగ్గు పడకుండా డాక్టరుకి చెప్పండి. తర్వాత సిగ్గు పడకుండా డాక్టరునీ అడగండి: "ఇది చేయించుకోకపోతే ఎంతమందికి తగ్గుతుంది?"