మన ఉరుములు

స్వర్ణోత్సవ సంచికకు జిల్లా చరిత్ర మీద ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. గుత్తి కోట, పెనుకొండ, లేపాక్షి బసవన్న గురించి రాసినవారు చాలామంది. నేను ఉరుముల గురించి రాస్తాను. ఆకాశంలోవి కావు, అవి మనకు ఎటూ తక్కువే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది.

ఉరుమ మెడలో వేలాడదీసుకుని వాయించే రెండు ముఖాల తోలు వాద్యం. ఒకవైపు పుల్లతో కొడతారు, రెండోవైపు వంపు పుల్లతో తోలును రుద్దుతారు. మర్మమంతా ఆ రుద్దడంలోనే ఉంది. పుల్ల తోలును పట్టుకుంటుంది, జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. క్షణంలో ఎన్నోసార్లు అలా జరిగి ఆ గుర్రుమనే మోత పుడుతుంది. ఫిడేలు కమాను తీగ మీద చేసే పనీ ఇదే. తమిళులకు ఉరుమి, కన్నడిగులకు ఉరుమె ఉన్నాయి. తేమ తగిలితే తోలు సడలుతుంది, మంట దగ్గర కాచి బిగించాలి. ఉరుము పేరు పెట్టుకున్న వాద్యానికి వానే పడదు!

గంగమ్మ, చౌడమ్మ జాతరల్లో గుడి ముందు బయల్లోనే ఈ ఆట. వాయించేవాళ్ళే అడుగు వేస్తారు, చుట్టూ ఊరంతా నిలబడుతుంది. అహోబిలం పారువేటలో చెంచులకూ పాత్ర ఉంది. కనుమ మొదలు నలభై రోజులకు పైగా నరసింహస్వామి పల్లెపల్లె తిరుగుతాడు, చెంచులక్ష్మిని పెళ్ళాడిన అల్లుడు కదా. వాళ్ళకు నల్లమల ఇంకా ఉంది. మనకు అడవి పోయి బయలు మిగిలింది. చెట్టు కింది దేవత, తోలు, మంట, వలయంగా ఆట: అడవి నుంచి మనకు దక్కినవి ఇవేనని నా అభిప్రాయం.

మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి గారు జానపద కళారూపాల గ్రంథంలో ఉరుములకూ చోటిచ్చారు. మన బడి వార్షికోత్సవాల్లో మాత్రం మేళం గేటు దాకానే. ముఖ్య అతిథి లోపలికి రాగానే మోత ఆగేది, వేదిక మీద సినిమా పాటలు మొదలయ్యేవి. మేళగాళ్ళు ఎక్కువగా దళిత కుటుంబాలవారు. వాళ్ళ పిల్లలు మన బెంచీల మీదే కూర్చుని చదివారు.

కరువుకు ఆ పిల్లలూ బెంగళూరు పనులకు వెళ్ళారు. ఉరుమ ఒంటరిగా మోగితే మేళం కాదు, నలుగురూ కలవాలి. ఇద్దరు వలసపోతే జాతరకు డీజే పెట్టెలు వస్తాయి.

ఉత్సవం నాటి సాయంత్రం మైదానం మధ్యలో ఉరుముల మేళం ఉండాలని కార్యవర్గానికి రాసిచ్చాను. వేదిక అక్కరలేదు, కుర్చీలు గుండ్రంగా వేస్తే చాలు. సంభావన గాయకుల పార్టీకి ఇచ్చినంతా ఇవ్వాలి. పక్కన చిన్న మంటకు చోటు వదలండి, తోలు కాచుకోవాలి.