చక్కర్ తగ్గకపోతే చెవికి ఆపరేషన్ అవసరమా?

మంచం మీద పక్కకు తిరిగితే గది గిర్రున తిరుగుతుంది. సజ్దాకు వంగితే నేల జారినట్టుంటుంది. మన ఇళ్లల్లో దీన్ని చక్కర్ అంటారు. బీపీ అనో, కమ్‌జోరీ అనో సెలైన్ పెట్టించుకుంటారు. చాలాసార్లు తప్పు లోపలి చెవిది.

తల కదిపినప్పుడు నిమిషం లోపు వచ్చి పోయే చక్కర్‌కు కారణం చెవిలో చోటు తప్పిన సన్నటి సున్నపు రేణువులు. డాక్టర్ మంచం మీద పడుకోబెట్టి, తలను ఒక పద్ధతిలో తిప్పితే అవి సర్దుకుంటాయి. ఎప్లీ పద్ధతి అంటారు. దీనికి ఆపరేషన్ దాకా పోవడం బహు అరుదు.

మెనియర్ జబ్బు సంగతి వేరే. ఫ్రాన్స్ డాక్టర్ ప్రాస్పర్ మెనియర్ 1861లో ఇది చెవి వల్ల వచ్చేదని చెప్పాడు. చక్కర్ గంటల తరబడి ఉంటుంది, వాంతులవుతాయి, చెవిలో హోరు, వినికిడి తగ్గుతుంది. ముందు ఉప్పు తగ్గించాలి (ఊరగాయ, అప్పడాలు కూడా లెక్కే), మాత్రలు వాడాలి. ఆగకపోతే చెవిలోకి ఇంజెక్షన్. అప్పటికీ లొంగకపోతేనే ఆపరేషన్.

లోపలి చెవి నీటితిత్తి మీద ఒత్తిడి తగ్గించే ఆపరేషన్‌లో వినికిడి నిలుస్తుంది గానీ, దాని ఫలితం మీద డాక్టర్లకే ఏకాభిప్రాయం లేదు. బ్యాలెన్స్ నరాన్ని కోస్తే చాలామందికి చక్కర్ ఆగుతుంది, వినికిడి సాధారణంగా మిగులుతుంది. కాకపోతే పుర్రె తెరవాలి. మూడోది లాబిరింథెక్టమీ, లోపలి చెవి బ్యాలెన్స్ భాగాన్నే తీసేయడం. ఆ చెవి ఇక వినపడదు. అందుకే ఇప్పటికే వినికిడి పోయిన చెవికే చేస్తారు.

సంతకం పెట్టే ముందు రెండు చెవులకూ ఆడియోగ్రామ్ తీయించండి. మెనియర్ కొందరికి రెండో చెవికీ వస్తుంది, అప్పుడు మిగిలేది ఏముంటుంది? నరం కోసినా, లాబిరింథెక్టమీ చేసినా కొన్నాళ్లు చక్కర్ ఇంకా ఎక్కువవుతుంది. మెదడు కొత్త బ్యాలెన్స్ నేర్చుకోవాలి. నడక, చూపు వ్యాయామాలు చేయాలి. పెద్దవాళ్లకు ఇది నిదానం. తలతిప్పుడు మాత్రలు నెలల తరబడి మింగితే ఇంకా ఆలస్యం.

ఒక్క చోట మాత్రం ఆలస్యం కూడదు. ఏళ్లుగా చీము కారే చెవి ఉండి చక్కర్ మొదలైతే, కొలెస్టియటోమా అనే గడ్డ ఎముకను తినేస్తుండొచ్చు. దానికి మందు ఆపరేషనే. వేడి నూనె పోయకండి. మాట తడబడినా, మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా అది చెవి జబ్బే అని ఊరుకోకండి, 108కి ఫోన్ చేయండి.

వేంపల్లె వాళ్లు కడప రిమ్స్ ఈఎన్‌టీ ఓపీకి పోవచ్చు. పాత చీటీలు, ఆడియోగ్రామ్‌లు పట్టుకుపోండి. ఎన్టీఆర్ వైద్య సేవలో (మునుపటి ఆరోగ్యశ్రీ) మీ ఆపరేషన్ ఉందో లేదో ఆసుపత్రిలో ముందే అడగండి.