గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే కందికి లాభమేనా?.. అసలు లెక్క ఇదీ!

"కార్బన్ డయాక్సైడ్ మొక్కలకు ఆహారమే కదా.. అది పెరిగితే పంట కూడా పెరగాలి కదా?" ఈ మాట చాలామంది అంటుంటారు. ఇది సగమే నిజం. మిగతా సగం ఏంటో కంది, పత్తి, జొన్న పండించే నారాయణపేట జిల్లా రైతులు తప్పక తెలుసుకోవాలి.

ఎంత పెరిగింది?
పరిశ్రమలు రాకముందు గాలిలోని ప్రతి 10 లక్షల అణువుల్లో ఈ గ్యాస్ అణువులు దాదాపు 280 ఉండేవి. దీన్నే 280 పీపీఎం అంటారు. 1958లో హవాయిలోని మౌనా లోవాలో కొలతలు మొదలైనప్పుడు అది 315 దాకా ఉంది. ఇప్పుడు 420 దాటేసింది.

కందికి ఒకలా.. జొన్నకు మరోలా
కంది, వరి, పత్తి, వేరుశనగ సీ3 పంటలు. గ్యాస్ పెరిగితే వీటి ఆకులు ఎక్కువ పిండిపదార్థం తయారు చేస్తాయి. ఆకు రంధ్రాలు కొంత మూసుకుంటాయి కాబట్టి నీరూ ఆదా అవుతుంది. జొన్న, మొక్కజొన్న, సజ్జ సీ4 పంటలు. ఈ గ్యాస్‌ను ఆకులోనే కూడబెట్టుకునే ఏర్పాటు వీటికి ముందే ఉంది. అందుకే కొత్తగా కలిసొచ్చేది తక్కువ. వానలు ముఖం చాటేసినప్పుడు మాత్రం నీటి ఆదా కాస్త ఆదుకుంటుంది.

హైదరాబాద్‌లో ఏం తేలింది?
హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ 'క్రిడా' శాస్త్రవేత్తలు పైకప్పు లేని ఛాంబర్లలో గ్యాస్‌ను 550, 700 పీపీఎంకు పెంచి మొక్కలను పరీక్షించారు. 700 పీపీఎం దగ్గర కంది ఏపుగా పెరిగింది, గింజ దిగుబడి కూడా పెరిగింది. కానీ అదే సంస్థ ఆముదంపై చేసిన పరిశోధనలో పొగాకు లద్దెపురుగు మామూలు కంటే ఎక్కువ ఆకు తినేసింది. ఆకులో నత్రజని తగ్గింది కదా.. బలం చాలక పురుగు ఇంకా ఎక్కువ మేసిందన్నమాట!

మరి చిక్కెక్కడ?
ఛాంబర్ వేరు, పొలం వేరు. బయట గ్యాస్‌తో పాటు ఎండ కూడా పెరుగుతోంది. పూత దశలో బెట్ట వస్తే కంది పూత రాలిపోతుంది. అప్పుడు గాలిలో ఎంత గ్యాస్ ఉన్నా కాయ నిలవదు. పైగా గట్ల మీది వయ్యారిభామ కూడా ఇదే గ్యాస్‌తో బలుస్తుంది.

తిండిలోనూ తేడా
గ్యాస్ 550 పీపీఎం దగ్గరికి చేరితే వరి, గోధుమల్లో ప్రొటీన్, జింక్, ఐరన్ తగ్గుతాయని 2014లో 'నేచర్' పత్రికలో వచ్చిన అధ్యయనం చెబుతోంది. పప్పుజాతి పంటలు వేరు బుడిపెలతో నత్రజనిని సమకూర్చుకుంటాయి కాబట్టి వాటిలో ప్రొటీన్ పెద్దగా తగ్గదు. జింక్, ఐరన్ మాత్రం తగ్గుతాయి.

అంటే గ్యాస్ ఇచ్చే లాభం చేతికి రావాలంటే చేనులో తేమ నిలవాలి, కలుపు తీయాలి, పురుగుపై కన్నేసి ఉంచాలి. గాలిని మాత్రమే నమ్ముకుంటే పంట ఇంటికి రాదు!